అట్లు పోసే చేత్తో పాన్‌కేకులు: దూదిలా పొంగాలంటే

మా ఇంట్లో మొదటిసారి పాన్‌కేకులు వేసిన ఆదివారం అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. పిండి కలిపి, పెనం మీద ఒక గరిటెడు పోసి, పక్క పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి అమ్మ గరిటె అందుకుని, మధ్యలోంచి అంచుదాకా గుండ్రంగా తిప్పేసింది. నలభై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే తిరిగిపోయింది. పైగా చుట్టూ ఓ చెంచాడు నూనె. వేలెడు మందం రావలసింది కాగితంలా వచ్చింది. "ఏరా, మైదా అట్టుకి ఇంత హడావుడి దేనికి?" అంది.

ఆ పూట నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, అట్లు పోసి పోసి మన చేతికి పట్టుబడిన మంచి అలవాట్లన్నీ పాన్‌కేక్ దగ్గర ఎదురు తిరుగుతాయి. ఉండ లేకుండా రుబ్బడం, పలచగా తిప్పడం, పెనాన్ని బాగా కాల్చడం, అంచుల వెంట నూనె వెయ్యడం, అట్లకాడతో నొక్కడం. ఇవన్నీ మానితే పాన్‌కేక్ దానంతటదే పొంగుతుంది. కొత్తగా నేర్చుకునేది తక్కువే, చెయ్యి కట్టుకోవడమే కష్టం. బెంగళూరులో, మారతహళ్లి వైపు, మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం టిఫిన్ ఇదే. ఎన్ని రకాలుగా చెడగొట్టానో అన్నీ గుర్తున్నాయి కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

ముందు పొంగు సంగతి

దోసెల పిండి రాత్రంతా పులుస్తుంది. సూక్ష్మజీవులు తీరిగ్గా గ్యాస్ పుట్టిస్తాయి, మనం నిద్రపోతే చాలు. పాన్‌కేక్ పిండికి అంత తీరిక లేదు. కలిపిన అరగంటలో పెనం ఎక్కి దిగిపోవాలి. ఇక్కడ ఆ పని బేకింగ్ పౌడర్‌ది. అందులో వంటసోడా ఉంటుంది, దాంతో కలవడానికి పొడి రూపంలో ఒక ఆమ్ల లవణం ఉంటుంది. ఆ రెండూ డబ్బాలోనే కలిసిపోకుండా, తేమ పీల్చుకోవడానికి మధ్యలో కార్న్‌ఫ్లోర్ లాంటి పిండి ఉంటుంది. తడి తగలగానే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. డబుల్ యాక్షన్ అని రాసి ఉన్న రకమైతే పెనం వేడికి ఇంకో విడత పుడుతుంది. ఆ బుడగల చుట్టూ మైదా, గుడ్డు గట్టిపడి వాటిని అక్కడే పట్టి ఉంచుతాయి. పొంగు అంటే అంతే.

ఈ పొడిని 1843లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మందుల షాపు నడిపే ఆల్‌ఫ్రెడ్ బర్డ్ తయారుచేశాడు. ఆయన భార్యకు ఈస్ట్ పడదు, గుడ్డూ పడదు. అంతకు ముందే, 1837లో, ఆవిడ కోసం గుడ్డు లేని కస్టర్డ్ పౌడర్ కూడా చేసిపెట్టాడు. శనివారం గుడ్డు ముట్టని ఇళ్లవాళ్లం ఆయనకు రెండు రకాలుగా రుణపడి ఉన్నాం.

బెంగళూరులో ఉన్నవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. ఈ ఊరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, అంటే 3,000 అడుగుల పైమాటే. ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి పిండిలో పుట్టిన బుడగ కూడా కొంచెం ఎక్కువ ఉబ్బుతుంది. పిండి గట్టిపడే లోపే ఉబ్బి పగిలిపోతే, పెనం మీద గొప్పగా కనిపించిన పాన్‌కేక్ ప్లేటులోకి రాగానే కూలబడుతుంది. అందుకే ఈ ఎత్తు నుంచి టీస్పూనుకు ఎనిమిదో వంతు చొప్పున బేకింగ్ పౌడర్ తగ్గిస్తారు. చెన్నైలో ఉన్న మా చెల్లెలు మూడు టీస్పూన్లు వేసే కొలతకు నేను రెండున్నర వేస్తాను. చాలా రోజులు తనకు బాగా వచ్చి నాకు రాకపోతే చేతివాటం అనుకున్నాను. తీరా చూస్తే ఊరి ఎత్తు కూడా కొంత కారణం.

కొలతలు

నలుగురికి సరిపోతాయి. అరచెయ్యంత వెడల్పువి తొమ్మిది దాకా వస్తాయి.

- మైదా ఒకటిన్నర కప్పు (190 గ్రాములు)
- బేకింగ్ పౌడర్ రెండున్నర టీస్పూన్లు (చెన్నైలో అయితే మూడు)
- పంచదార రెండు టేబుల్‌స్పూన్లు
- ఉప్పు పావు టీస్పూను
- పాలు ఒక కప్పు (240 మి.లీ.), పక్కన ఇంకో రెండు మూడు టేబుల్‌స్పూన్లు
- గుడ్డు ఒకటి
- కరిగించిన వెన్న మూడు టేబుల్‌స్పూన్లు (40 గ్రాములు)
- వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూను

టీస్పూను అంటే ఇక్కడ 5 మి.లీ. కొలత స్పూను. మన స్టీలు చెంచాలు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు ఉంటాయి. కూరలో ఉప్పు అటూ ఇటూ అయితే సర్దుకోవచ్చు గానీ, బేకింగ్ పౌడర్ ఎక్కువైతే నాలుక మీద చేదు నిలుస్తుంది. ఆ కొలత స్పూన్ల సెట్టు ఒకటి కొనేయండి, పెద్ద ఖర్చు కాదు.

మైదా దగ్గర ఇంకో మోసం ఉంది. కప్పుని డబ్బాలో ముంచి తీస్తే మైదా అణిగి 140, 150 గ్రాముల దాకా ఎక్కుతుంది. స్పూనుతో కప్పులోకి వదులుగా నింపి, చాకుతో పైన చదును చేస్తే 125 దగ్గర ఆగుతుంది. ఒకటిన్నర కప్పు మీద చూస్తే తేడా 30 గ్రాములు దాటొచ్చు. పిండి గట్టిగా అయింది, పాలు పోద్దాం, మళ్లీ పలచనైంది, మైదా వేద్దాం అనే తిప్పలు ఇక్కడే మొదలవుతాయి. వంటింట్లో తూకం ఉంటే దాన్నే నమ్మండి.

పాలు నందిని నీలం ప్యాకెట్ చాలు. అవి టోన్డ్ పాలు, 3 శాతం కొవ్వు ఉంటుంది, మిగతాది మనం వేసే వెన్న చూసుకుంటుంది. షాపులో దొరికే పసుపుపచ్చ వెన్నలో ఉప్పు ఉంటుంది కాబట్టి అది వాడితే విడిగా చిటికెడు ఉప్పు చాలు. వెనిలా వాసన కోసమే కాదు, గుడ్డు నీచు తగలకుండా కూడా. లేకపోతే కాస్త యాలకుల పొడి వేసుకోండి. నిజానికి నాకు యాలకులే ఇష్టం, పిల్లలు ఒప్పుకోరు.

ముందు రోజు కాకపోయినా, ముందు అరగంట

గుడ్డుని, పాలని అరగంట ముందే ఫ్రిజ్ లోంచి తీసి బయట పెట్టాలి. డిసెంబరులో బెంగళూరు పొద్దుట పూట 15, 16 డిగ్రీల దగ్గర ఉంటుంది, బయట పెట్టినా చల్లగానే ఉంటాయి. అప్పుడు పాలని గోరువెచ్చగా చెయ్యండి. చల్లటి పాలలో కరిగిన వెన్న పోస్తే అది వెంటనే గడ్డకట్టి, ఇడ్లీ రవ్వంత పలుకులుగా తేలుతుంది. అలాగని వేడి పాలు పోస్తే గుడ్డు ఉడికిపోతుంది. వేలు పెడితే వెచ్చదనం తెలియాలి, అంతే.

బేకింగ్ పౌడర్ బతికి ఉందో లేదో చూడటం ఈ అరగంటలోనే. అర గ్లాసు వేడినీళ్లలో అర టీస్పూను పొడి వెయ్యండి. సోడా సీసా తీసినట్టు బుసబుసా నురగ రావాలి. నాలుగు బుడగలు బద్ధకంగా లేస్తే ఆ డబ్బాని పారెయ్యండి. వంటసోడానైతే నాలుగు చుక్కల నిమ్మరసంతో పరీక్షించాలి. ఒక వానాకాలమంతా మా డబ్బా మూత సరిగ్గా పట్టకుండా సింకు పైన అల్మరాలో ఉంది. తేదీ ఇంకా మిగిలే ఉంది గానీ పొడి చచ్చిపోయింది. ఆ వారం చేసినవి బిళ్లల్లా వచ్చాయి. నేను మైదాని తిట్టాను, పెనాన్ని తిట్టాను, చివరికి గుడ్డుని కూడా తిట్టాను. ఈ డబ్బాని ఫ్రిజ్‌లో కూడా పెట్టొద్దు. తీసిన ప్రతిసారీ లోపల చెమ్మ పడుతుంది. పొడిగా ఉన్న అల్మరాలో, గట్టి మూతతో పెట్టి, తెరిచిన నెల మూత మీద రాసి పెట్టుకోండి.

కలపడం: పదిహేను తిప్పులు

ఒక వెడల్పాటి గిన్నెలోకి మైదా, బేకింగ్ పౌడర్, పంచదార, ఉప్పు జల్లించుకుని ఒకసారి కలపండి. ఇంకో గిన్నెలో గుడ్డు గిలక్కొట్టి, పాలు, వెనిలా పోసి, చివర్లో కరిగి కాస్త చల్లారిన వెన్న కలపండి. ఇంతవరకూ ఎంత గిలక్కొట్టినా నష్టం లేదు.

ఇక్కణ్ణించే చెయ్యి కట్టుకోవాలి. పొడి పిండి మధ్యలో గుంట చేసి, తడి మిశ్రమం మొత్తం ఒకేసారి పోసి, విస్క్‌తో గానీ ఫోర్కుతో గానీ అడుగు నుంచి పైకి తిప్పండి. పది, పన్నెండు, మహా అయితే పదిహేను తిప్పులు. పొడి మైదా చారలు కనిపించకుండా పోగానే ఆపెయ్యాలి. ఇంకా ఉండలుంటాయి. ఉంటే ఉండనివ్వండి. మిరియపు గింజంతవి, పచ్చి శనగపప్పు బద్దంతవి ఫరవాలేదు. చింతగింజంత ఉంటే దాన్ని ఫోర్కుతో అక్కడికక్కడే చిదిమెయ్యండి, పిండంతా తిప్పొద్దు.

ఎందుకో చెప్పాలంటే పరోటా మాస్టరుని గుర్తు తెచ్చుకోవాలి. ఆయన మైదా ముద్దని పిసికి పిసికి, బల్ల మీద కొట్టి, గాల్లో తిప్పి పల్చటి బట్టలా సాగదీస్తాడు. మైదాకి తడి తగిలి, చేతి రాపిడి తగిలేకొద్దీ దానిలో గ్లూటెన్ అనే ప్రోటీన్ వలలా అల్లుకుంటుంది. పరోటాకి ఆ సాగుడే ప్రాణం. పాన్‌కేక్‌లో అదే వల బిగుసుకుని బుడగల్ని పైకి లేవనివ్వదు, తింటుంటే రబ్బరులా ఉంటుంది. నేనొకసారి ఉండలు చూసి చిరాకుపడి మొత్తం మిక్సీలో వేసి ఒక్క తిప్పు తిప్పాను. పిండి పట్టులా జాలువారింది. పెనం మీద కూడా బాగానే ఉంది. మా అమ్మాయి ఒక ముక్క పళ్లతో పట్టుకుని లాగి, "నాన్నా, ఇది సాగుతోంది" అంది. మిక్సీ జోలికి మళ్లీ పోలేదు.

పిండి జారుడు ఎలా ఉండాలంటే, ఊతప్పం పిండి కన్నా చిక్కగా, గారెల పిండి కన్నా పలచగా. గరిటెతో ఎత్తి వదిలితే సన్నటి ధారలా కారకూడదు, మందంగా, ముద్దముద్దగా జారాలి. జారిన పిండి గిన్నెలో ఒక క్షణం కుప్పలా నిలిచి తర్వాత కలిసిపోవాలి. మరీ గట్టిగా ఉంటే పక్కన పెట్టిన పాలు ఒక్కో టేబుల్‌స్పూను చొప్పున పోసి, రెండే తిప్పులు.

తర్వాత పది నిమిషాలు దాని మానాన దాన్ని వదిలెయ్యండి. ఈలోగా మైదా తడి పీల్చుకుంటుంది, చిన్న ఉండలు వాటంతటవే నానిపోతాయి, బిగిసిన గ్లూటెన్ కొంచెం వదులవుతుంది. పైన బుడగలు కనిపిస్తాయి, వాటిని చూసి మళ్లీ కలపాలనిపిస్తుంది. వద్దు. గరిటెతో తీసేటప్పుడు కూడా ఒక పక్క నుంచి తీసుకోండి, ప్రతిసారీ అడుగుదాకా కలిపి తీస్తే ఉన్న గాలి కాస్తా పోతుంది.

పెనం

మందపాటి పెనం కావాలి. దోసెల ఇనప పెనం వేడిని బాగా పట్టి ఉంచుతుంది గానీ, దానికి ఉల్లిపాయ, పచ్చిమిరప వాసన పట్టి ఉంటుంది. ఉల్లిపాయ ముక్కతో రుద్దిన పెనం మీద వెనిలా పాన్‌కేక్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. చపాతీలకే వాడే పెనం ఉంటే అది మంచిది. మొదటిసారి చేసేవాళ్లకి నాన్‌స్టిక్ సులువు.

సన్నని సెగకీ మధ్యస్థానికీ నడుమ పెట్టి, నాలుగైదు నిమిషాలు కాలనివ్వండి. తొందరపడి పెద్ద మంట పెట్టి తర్వాత తగ్గిస్తే మధ్యలో ఒక వేడి, అంచున ఒక వేడి ఉంటుంది. అట్టుకి నీళ్లు చిలకరించి చుయ్యిమనగానే తుడిచి పోస్తాం కదా, ఆ వేడి దీనికి ఎక్కువ. అట్టు పలచగా ఉంటుంది కాబట్టి ఆ సెగకి ఇట్టే కాలుతుంది. వేలెడు మందం ఉన్నది లోపల ఉడికే లోపు పైన మాడుతుంది. నేను వెన్నతో చూస్తాను. శనగగింజంత వెన్న పెనం మీద పెడితే నెమ్మదిగా నురగ కట్టాలి. పెట్టగానే గోధుమరంగుకి తిరిగితే సెగ ఎక్కువ, నురగ లేకుండా ఊరికే కరిగి పారితే ఇంకా కాలలేదు.

ఆ వెన్నని అలాగే ఉంచి పిండి పొయ్యకండి. పాత నూలు గుడ్డతోనో పేపర్ న్యాప్‌కిన్‌తోనో శుభ్రంగా తుడిచెయ్యండి. కంటికి కనపడనంత జిడ్డు మిగిలితే చాలు. బొమ్మల్లో కనిపించే ఆ ఏకరంగు బంగారు రంగు ఇలా తుడిస్తేనే వస్తుంది. జిడ్డు ఎక్కువైతే అంచు కరకరలాడుతూ, పైన మచ్చలు మచ్చలుగా వస్తుంది. మా ఆవిడకి ఆ కరకర అంచే ఇష్టం, తనకి మాత్రం ఆఖరి రెండూ నెయ్యి వేసి కాలుస్తాను. అన్నట్టు తుడవడానికి వెన్న కంటే నెయ్యి నయం. వెన్నలోని పాల పదార్థం నాలుగో పాన్‌కేక్ వచ్చేసరికి మాడి నల్ల చుక్కలుగా అంటుకుంటుంది.

పొయ్యడం, తిప్పడం

మొదటి అట్టు ఎప్పుడూ పెనానికే అంటారు. ఇక్కడా అంతే. ముందు ఒక చెంచాడు పిండి పోసి చూడండి. అది ఒకటిన్నర నిమిషంలో అడుగున తేనె రంగుకి వస్తే సెగ కుదిరినట్టు.

ఇప్పుడు పావు కప్పు గరిటె, అంటే 60 మి.లీ. పెనానికి జానెడు ఎత్తు నుంచి కాదు, దగ్గరగా పెట్టి ఒకేచోట పొయ్యండి. పోసి గరిటె తీసెయ్యండి. అదే కష్టమైన పని. పిండి దానంతటదే 10 సెంటీమీటర్ల దాకా పరుచుకుని ఆగుతుంది. గరిటె వెనక భాగంతో ఒక్క చుట్టు తిప్పినా బుడగలు నలిగిపోతాయి. అమ్మ ఇప్పుడు పాన్‌కేక్ వేసేటప్పుడు కావాలని ఎడమ చేత్తో పోస్తుంది. కుడి చెయ్యి మాట వినదట.

పెద్ద పెనం మీద మూడు పడతాయి, మధ్యలో అట్లకాడ తిరిగేంత చోటు వదలండి.

ఇక చూస్తూ ఉండటమే. నిమిషం దాటాక మధ్యలో చిన్న బుడగలు లేస్తాయి. అప్పుడే తిప్పొద్దు. బుడగ పగిలాక ఆ చిల్లు మళ్లీ పూడుకుపోతుంటే పిండి ఇంకా పచ్చిగా ఉందని అర్థం. పగిలిన చిల్లు చిల్లులాగే నిలిచిపోయి, అంచు చుట్టూ ఒక అంగుళం మేర మెరుపు తగ్గి మసకగా కనిపిస్తే అదీ సమయం. రెండు నుంచి రెండున్నర నిమిషాలు పడుతుంది. అట్లకాడని పూర్తిగా అడుక్కి పోనిచ్చి, ఎత్తుగా ఎగరెయ్యకుండా, పెనానికి దగ్గరగా ఒక్క ఊపులో తిప్పండి.

తిప్పగానే అది పైకి ఉబ్బుతుంది. కళ్లముందు అర అంగుళం లేస్తుంది, పిల్లల్ని పిలిచి చూపించాల్సిన క్షణం అదే. సరిగ్గా అప్పుడే మన చెయ్యి అట్లకాడతో మెల్లగా ఒక నొక్కు నొక్కుతుంది. ఎందుకు నొక్కుతామో మనకే తెలియదు. ఆ ఒక్క నొక్కుకి లేచిన గాలంతా పోతుంది, మళ్లీ లేవదు. రెండో వైపు ఒక నిమిషం, ఒకటిన్నర నిమిషం చాలు. రెండో వైపు మొదటి దానంత అందంగా రాదు, అక్కడక్కడా మాత్రమే రంగు పడుతుంది, అది తప్పు కాదు. మళ్లీ మళ్లీ తిరగెయ్యొద్దు. వేలితో మధ్యలో తాకితే స్పాంజిలా తిరిగి లేస్తే దించెయ్యండి.

ప్రతి విడతకీ పెనం వేడి పెరుగుతూ ఉంటుంది. మూడో విడతకి సెగ కాస్త తగ్గించండి. గుడ్డతో ఇంకోసారి తుడవండి.

అందరూ ఒకేసారి కూర్చుని తినాలంటే అయినవి వేడిగా ఉంచాలి. హాట్‌బాక్స్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి మూత బిగిస్తే ఆవిరి పట్టి పైపొర తడితడిగా, జిగురుగా అవుతుంది. అడుగున పొడి గుడ్డ వేసి, మూతని ఓరగా పెట్టండి. ఓవెన్ ఉంటే 90 డిగ్రీల దగ్గర ప్లేటులో విడివిడిగా పరిచి ఉంచొచ్చు. మా ఇంట్లో ఆ గొడవే లేదు, వంటింటి గట్టు దగ్గరే నిలబడి తినేస్తారు.

గుడ్డు లేకుండా

శనివారం అమ్మ కోసం చేసేది ఇది. ఇక్కడ పొంగు పెరుగుదీ, వంటసోడాదీ. అదే ఒకటిన్నర కప్పు మైదాకి ముప్పావు కప్పు చిక్కటి పెరుగు, అర కప్పు పాలు, మూడు టేబుల్‌స్పూన్ల వెన్న, ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూను పైన చిటికెడు వంటసోడా. పంచదార, ఉప్పు మామూలే. పిండి చూసుకుని పాలు ఇంకొంచెం పట్టొచ్చు.

పెరుగు పుల్లగా ఉండాలి. పెరుగులోని ఆమ్లమే సోడాని పనిచేయించేది. బెంగళూరు చలికి తోడుకున్న కమ్మటి పెరుగైతే ముందు రోజు రాత్రి బయట పెట్టండి, లేదా ఒక టీస్పూను నిమ్మరసం కలపండి. పులుపు చాలక సోడా మిగిలిపోతే పాన్‌కేక్ త్వరగా ఎర్రబడుతుంది, తింటే సబ్బు రుచి వస్తుంది. బాగా పొంగాలని సోడా ఒక చిటికెడు ఎక్కువ వేసేవాళ్లకి జరిగేది ఇదే. పుల్లటి పెరుగు ఒక కప్పుకి అర టీస్పూను సోడా, అదే హద్దు.

ఈ పిండిని పది నిమిషాలు ఆపొద్దు, ఐదు చాలు. సోడాకి రెండో విడత లేదు, పెరుగు తగలగానే బుసబుసమంటూ మొదలుపెట్టేస్తుంది. రుచి మాత్రం, నన్నడిగితే, గుడ్డు దాని కంటే ఇదే బాగుంటుంది. లోపల కొంచెం తడిగా, చిన్న పులుపుతో ఉంటుంది. అమ్మకి ఇది దిబ్బరొట్టెకి చుట్టంలా తోచింది. "పొయ్యి మీద మూతపెట్టి కాల్చరాదూ?" అంది. పెట్టి చూశాం. మూత పెడితే ఆవిరికి పైభాగం ఉడికిపోయి బుడగలు కనపడవు, ఎప్పుడు తిప్పాలో తెలియదు. కాబట్టి మూత వద్దు.

మైదా మొత్తం వద్దనుకుంటే

మూడో వంతు గోధుమపిండి కలిపితే తేడా పెద్దగా తెలియదు, రెండు మూడు టేబుల్‌స్పూన్లు పాలు ఎక్కువ పడతాయి. మర పట్టించిన పిండి మైదా కంటే ఎక్కువ తడి పీలుస్తుంది. సగం దాటితే రొట్టె వాసన మొదలవుతుంది. రాగిపిండి ఇక్కడ ప్రతి షాపులో ఉంటుంది, రంగు బాగుంటుంది, కానీ అందులో గ్లూటెన్ లేదు కాబట్టి నాలుగో వంతుకి మించితే పగులుతుంది. రాగిపిండి వేసినప్పుడు పంచదారకి బదులు బాగా మగ్గిన యేలక్కి అరటిపండు ఒకటి మెదిపి కలపండి.

పైన పోసుకోవడానికి

మేపుల్ సిరప్ ఖరీదుకి కారణం ఉంది. మేపుల్ చెట్టు నుంచి కారే నీరు సుమారు 40 లీటర్లు కాస్తే ఒక లీటరు సిరప్ వస్తుంది. షాపుల్లో చవగ్గా దొరికే పాన్‌కేక్ సిరప్ చాలావరకు రంగు, వాసన కలిపిన పంచదార పాకమే. దానికంటే మన బెల్లం పాకం వెయ్యి రెట్లు నయం.

వంద గ్రాముల బెల్లం, పావు కప్పు నీళ్లు. మండ్య బెల్లం ఇక్కడ తేలిగ్గా దొరుకుతుంది, తాటిబెల్లమైతే ఇంకా మంచిది. కరిగాక వడకట్టండి, ఇసుక ఉంటుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి రెండు మూడు నిమిషాలు మరిగించి, వేళ్ల మధ్య జిగురుగా తగలగానే దించెయ్యండి. తీగ పాకం దాకా వెళ్తే చల్లారాక గట్టిపడి గరిటెకి అంటుకుంటుంది. దించాక యాలకుల పొడి, చిటికెడు ఉప్పు, ఒక చెంచాడు నెయ్యి. ఈ బెల్లాన్ని పిండిలోనే కలిపేద్దామని వేడి పాలలో వెయ్యకండి. పాయసంలో తొందరపడి వేస్తే పాలు విరిగినట్టే ఇక్కడా విరుగుతాయి.

మిగిలితే

దోసెల పిండిలా రేపటికి ఫ్రిజ్‌లో పెడదాం అనుకుంటాం. పనికిరాదు. రేపటికి గ్యాస్ అంతా పోయి, అట్టుల్లాగే వస్తాయి. ఉన్న పిండినంతా కాల్చేసి, పూర్తిగా చల్లారాక మధ్యమధ్య బటర్ పేపర్ పెట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. పదిహేను రోజులు బాగుంటాయి. తినేటప్పుడు టోస్టర్‌లో వేస్తే అంచు కాస్త కరకరలాడుతూ లోపల మెత్తగా వస్తాయి. టోస్టర్ లేకపోతే పొడి పెనం మీద సన్నని సెగన రెండు వైపులా వెచ్చబెట్టండి. మైక్రోవేవ్ అయితే ఇరవై సెకన్లకి మించొద్దు, తోలులా సాగుతాయి.

వారం మధ్యలో తొందరగా కావాలంటే పొడి సరుకులన్నీ మూడింతలు కొలిచి, కలిపి, గాలి చొరని డబ్బాలో ఉంచుకోవచ్చు, నెల దాకా ఆగుతుంది. షాపులో అమ్మే పాన్‌కేక్ మిక్స్ కూడా దాదాపు ఇదే సరుకు, ధర మాత్రం వేరు. వాడే ముందు డబ్బాని ఒకసారి బాగా కుదిపి, సుమారు 225 గ్రాములు తూచుకుని, గుడ్డు, పాలు, వెన్న కలపడమే. స్కూలు బాక్సులో పెట్టేటప్పుడు పాకం పైన పొయ్యకండి, మధ్యాహ్నానికి ముద్దవుతుంది. పాకాన్ని చిన్న డబ్బీలో విడిగా పెట్టండి, ఆ డబ్బీ మూత బిగుతుగా ఉందో లేదో రెండుసార్లు చూడండి. లెక్కల నోటుబుక్కు ఒకటి మాకు అలాగే పోయింది.